దెబ్బకో టికెట్టు

నడుమెత్తు పెట్టె ఒకటి. పైబల్లలో ఐదు గుండ్రటి కన్నాలు. పక్కన తాడుతో కట్టి ఉంచిన మెత్తటి సుత్తి. బిళ్ళ వేశాక ఏ కన్నంలోంచి ఏ తల ఎప్పుడు లేస్తుందో తెలియదు. లేచిన తల మళ్ళీ లోపలికి జారుకునేలోపే సుత్తి దిగాలి. దెబ్బ తగిలితే చప్పుడవుతుంది, వెనక పలక మీద అంకె పెరుగుతుంది. ఆట ముగిశాక కింద సన్నటి చీలికలోంచి కరకరమంటూ టికెట్ల దండ బయటికొస్తుంది. ఆ టికెట్లు ఒకదానికొకటి అంటుకుని, మడత మీద మడతగా పెట్టె లోపల పేర్చి ఉంటాయి. ప్రతి టికెట్టు అంచునా చిన్న గాటు ఉంటుంది. లోపలి వెలుతురు కన్ను ఆ గాట్లను లెక్కపెట్టి, ఇవ్వాల్సినన్ని పోగానే మోటారు ఆపేస్తుంది. ఆ దండను చేతికి చుట్టుకుని గాజు కౌంటర్ దగ్గరికి వెళ్ళి రబ్బరు బొమ్మో, మిఠాయో, పెన్సిలో తెచ్చుకోవడం అమెరికాలో రెండు తరాల పిల్లలకు పండగ. 1990లలో అక్కడికి వెళ్ళిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఎంతోమంది పుట్టినరోజులు ఇలాంటి యంత్రాలుండే ఆర్కేడ్లలోనే జరుపుకున్నారు. ఇప్పుడు వాళ్ళంతా పెద్దవాళ్ళయ్యారు, ఆ ఆట తలచుకుంటే మనసు అటే పోతుంది. ఎందుకని అడిగితే చాలామంది రెండు కారణాలు చెబుతారు: కసిదీరా కొట్టడంలో ఉన్న హాయి, గెలుచుకున్న బొమ్మ. నా లెక్కలో ఈ రెండూ పైపై కారణాలే. దెబ్బకూ ఫలితానికీ మధ్య ఏదీ దాగి లేకపోవడమే ఆ ఆటను మరపురానీయకుండా చేసింది. కొట్టింది అందరికీ కనబడుతుంది, వచ్చింది చేతిలో బరువుగా ఉంటుంది. ఈ పొత్తు ఎలా కుదిరిందో, ఎలా విడిపోయిందో ఆ యంత్రాల చరిత్రలోనే కనబడుతుంది.

ఆట పుట్టిల్లు జపాన్. 1975లో టోగో అనే కంపెనీలో కజువో యమాదా రూపొందించిన ఆ యంత్రం పేరు 'మొగురా తైజీ', అంటే మొగురాల పని పట్టడం. టోగో 1935 నాటి కంపెనీ. రోలర్ కోస్టర్లు కట్టింది, టోక్యోలోని అసాకుసాలో 1853లో మొదలైన హనయషికి వినోదవనాన్ని నడిపింది. మొగురా అంటే ఇంగ్లీషులో మోల్. నేల కింద సొరంగాలు తవ్వుకుని బతికే, చూపు సరిగా ఆనని చిన్న జంతువు. మన నేలలో అది లేదు గనక మనకు దానికి స్థిరపడిన పేరూ లేదు. కానీ అది చేసే నష్టం మన రైతుకు కొత్తది కాదు. వరిమడి గట్టుకు కన్నం పెట్టి నీళ్ళు జారవిడిచే శత్రువుగా జపాన్ రైతుకు మొగురా ఎలాగో, మనకు పందికొక్కు అలాగ. ఇంగ్లీషువాళ్ళ 'బాండికూట్' అన్న మాట ఈ తెలుగు పందికొక్కు నుంచే పోయింది. జపాన్ దక్షిణాన క్యూషూ ప్రాంతంలో జనవరి 14న పిల్లలు వెదురు కర్రల చివర గడ్డి కట్టుకుని, ఇంటింటికీ వెళ్ళి వాకిట్లో నేల మీద కొడతారు. మొగురాలు పారిపోవాలని, పంట బాగుండాలని ఆ కొట్టడం. కొట్టిన పిల్లలకు ఇంటివాళ్ళు బియ్యపు ఉండలో, మిఠాయిలో పెడతారు. యంత్రం ఈ ఆచారంలోంచే పుట్టిందని నేననను. కానీ అందరూ చూస్తుండగా కొట్టడం, కొట్టినందుకు అక్కడికక్కడే చేతిలో ఏదో పడడం అన్న జత కరెంటు యంత్రాలకంటే చాలా పాతదని మాత్రం ఇది చెబుతుంది. మొగురా తైజీ జపాన్‌లో బ్రహ్మాండంగా ఆడింది. 1976లో అక్కడి ఎలక్ట్రో మెకానికల్ ఆటల్లో సంపాదనలో రెండో స్థానం దానిదే. దాని పైన ఉన్నది నామ్‌కో వారి కారు పందెం ఆట 'ఎఫ్-1' ఒక్కటే.

అమెరికా కథ ఫ్లోరిడాలో మొదలవుతుంది. ఓర్లాండోలో క్రియేటివ్ ఇంజినీరింగ్ అనే చిన్న కంపెనీ పెట్టుకున్న ఆరన్ ఫెక్టర్ చెప్పే ప్రకారం, 1976లో వినోద పరిశ్రమ ప్రదర్శనకు వెళ్ళినప్పుడు ఎవరో ఈ జపాన్ యంత్రం ఫోటో చూపించి ఇలాంటిది చేయగలవా అని అడిగారు. ఆయన తలలను పైకి లేపడానికి గాలి సిలిండర్లు వాడాడు. చిన్న మార్పులా కనబడుతుంది గానీ ఆట స్వభావమే ఇందులో ఉంది. గాలితో లేచిన తల గభాలున లేస్తుంది, దెబ్బ పడితే మెత్తగా లొంగుతుంది, కొట్టిన చేతికి ఆ లొంగుబాటు తెలుస్తుంది. డేటోనా బీచ్ దగ్గరి బాబ్స్ స్పేస్ రేసర్స్ అనే కంపెనీ ఆ నమూనా తీసుకుని, మెరుగులు దిద్ది, 1977లో 'వాక్-ఎ-మోల్' పేరుతో అమ్మింది. ఫలానా ఒక్కడే దీన్ని కనిపెట్టాడు అనడం కుదరదు. ఆలోచన టోక్యోది, గాలి ఓర్లాండోది, వ్యాపారం డేటోనాది. ముందు అది చేరింది సంతల్లోకి, మన తిరునాళ్ళ లాంటి కార్నివాల్ జాతరల్లోకి. అక్కడి పద్ధతి వేరు. నలుగురైదుగురు వరసగా నిలబడి ఒకేసారి కొడతారు. అందరికంటే ముందు చేరినవాడికి బొమ్మ, మిగతావాళ్ళు చేతులు దులుపుకుని పోవాలి. అంగడివాడికి ఇది క్షేమం. ప్రతి పందేనికీ పోయేది ఒక్క బొమ్మే అని ముందే తెలుసు. ఆర్కేడ్‌లోకి వచ్చేసరికి పెట్టె ఒంటరిదయింది. పోటీ పక్కవాడితో కాదు, కన్నాలతో. ఓడినవాడంటూ ఎవరూ లేరు. నాలుగు కొట్టినవాడికి నాలుగు కొట్టినంత, నలభై కొట్టినవాడికి నలభై కొట్టినంత. ఈ మార్పు చేసి చూపించింది కాగితం టికెట్టు. బొమ్మను ముక్కలు చేసి పంచలేం, టికెట్లను పంచగలం.

టికెట్టు మాత్రం వాక్-ఎ-మోల్‌తో పుట్టలేదు. న్యూజెర్సీలోని వైన్‌లాండ్‌కు చెందిన జోసెఫ్ ఫోరెస్టియర్ సింప్సన్ 1908లో స్కీబాల్‌కు పేటెంటు పొందాడు. వాలుబల్ల మీద బంతి దొర్లించి, చివర ఎగిరి గుండ్రటి గూళ్ళలో పడేలా చేసే ఆట అది. మొదట్లో ఆ బల్ల పొడవు 36 అడుగులు. దాన్ని 14 అడుగులకు కుదించాకే ఆడవాళ్ళూ పిల్లలూ సులువుగా ఆడగలిగారు. సముద్రతీరపు కొయ్యబాటల పక్కన ఇలాంటి ఆటలకు స్కోరును బట్టి కూపన్లిచ్చి, వాటికి వస్తువులిచ్చే పద్ధతి అప్పుడే అలవాటయింది. కానీ ఆట ఆడి ఏదైనా వస్తువు పట్టుకుపోవడమంటే అమెరికా చట్టానికి మొదటినుంచీ అనుమానమే. న్యూజెర్సీ తన తీరపు ఆటలకు 1959లో ప్రత్యేక లైసెన్సు చట్టమే చేసుకోవాల్సి వచ్చింది. న్యూయార్క్‌లో ఇంకా ఘాటుగా జరిగింది. 1942లో మేయర్ ఫియొరెల్లో లగార్డియా పిన్‌బాల్‌ను జూదమని నిషేధించి, పట్టుకున్న యంత్రాలను తానే సమ్మెటతో పగలగొట్టి ఫోటోలకు నిలబడ్డాడు. అప్పటి పిన్‌బాల్‌లో బంతిని వదిలాక ఆటగాడు చేయగలిగింది తక్కువ. బంతిని మళ్ళీ కొట్టే చిన్న రెక్కలు 1947లో గానీ రాలేదు. అవి వచ్చాక కూడా నిషేధం మరో మూడు దశాబ్దాలు సాగింది. 1976లో రోజర్ షార్ప్ అనే యువకుడు నగర పాలకుల ఎదుట యంత్రం పెట్టి, బంతి ఏ దారిలో దిగుతుందో ముందే చెప్పి, చెప్పినట్టే దించాడు. నిషేధం ఎత్తేశారు. ఆటలో నేర్పు ఉందని వాదించి ఒప్పించలేకపోయింది న్యాయశాస్త్రం. కళ్ళెదుట చేసి చూపించిన ఒక్క దెబ్బ ఒప్పించింది. అదే ఏడాది ఫ్లోరిడాలో ఒక ఇంజినీరు మొగురాల యంత్రం ఫోటో చూశాడు. రెండింటికీ సంబంధం లేదు. కానీ అమెరికన్ ఆర్కేడ్‌లో నిలబడాలంటే నేర్పు పైకి కనబడి తీరాలన్న కాలంలోకే ఈ ఆట అడుగుపెట్టింది.

ఆ సమయానికి కావలసిన చోటు కూడా తయారవుతోంది. 1977లో అటారీ స్థాపకుడు నోలన్ బుష్నెల్ కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పిజ్జా, మాట్లాడే బొమ్మలు, ఆటయంత్రాలు కలిపి ఒక హోటల్ తెరిచాడు. అదే తర్వాత చకీ చీజ్. దానికి పోటీగా 1980లో షోబిజ్ పిజ్జా ప్లేస్ వచ్చింది. అందులో పాడే బొమ్మల బృందాన్ని తయారుచేసింది మోల్ యంత్రానికి గాలి సిలిండర్లు పెట్టిన ఫెక్టరే. మోల్ తలను లేపిన గాలే ఎలుగుబంటి బొమ్మ చేతిని కూడా ఊపింది. 1983లో వీడియోగేముల వ్యాపారం కుప్పకూలింది. బుష్నెల్ హోటళ్ళు మరుసటి ఏడాది దివాళా తీశాయి, వాటిని షోబిజ్ కొనుక్కుంది. తెర ముందు కూర్చుని ఆడే ఆటలు ఇంట్లోకే వచ్చేస్తున్నప్పుడు ఆర్కేడ్‌కు ఇంట్లో దొరకనిది కావాలి. ఇంట్లో దొరకనివి రెండే: ఒళ్ళు కదిలించి కొట్టడం, కొట్టినందుకు ఏదైనా పట్టుకుపోవడం. టికెట్టు ఆటలు ఆర్కేడ్ వ్యాపారాన్ని నిలబెట్టింది ఇలాగే. టికెట్టు మీద మోజు వట్టి పిల్లతనమని తీసిపారేసేవాళ్ళు ఈ సంగతి గమనించాలి. ఆ కాగితపు ముక్క ఒక పరిశ్రమకు ఊపిరి పోసింది.

ఇన్ని టికెట్టు ఆటల్లో సుత్తి ఆటకే ఇంత పేరెందుకు? జాతర సుత్తి ఆటల్లో పెద్దమ్మ ఒకటుంది. సమ్మెటతో మీట మీద కొడితే స్తంభం వెంట ఇనప ముక్క పైకి ఎగిరి గంట కొట్టే బల పరీక్ష అది. దాని కథ ఆ వృత్తిలోనివాళ్ళకు తెలుసు. ఇనప ముక్క జారే తీగను బిగించి ఉంచితే అది సాఫీగా పైకి పోతుంది. కాస్త వదులు చేస్తే ఎంత బలవంతుడు కొట్టినా సగంలోనే ఆగిపోతుంది. తీగ బిగువు అంగడివాడి చేతిలో ఉంది, చూసేవాళ్ళకు కనబడదు. మన ఉట్టి కొట్టడం దీనికి సరిగ్గా ఎదురు. కృష్ణాష్టమి నాడు తాడు లాగి ఉట్టిని పైకీ కిందికీ ఆడించేవాడు కొట్టేవాడిని ఏడిపిస్తాడు. కానీ ఆ తాడు ఊరందరికీ కనబడుతుంది. మోసం బహిరంగం గనక అది మోసం కాకుండా ఆటలో భాగమవుతుంది. మోల్ యంత్రం ఈ రెండోదానికి చుట్టం. తల ఎప్పుడు లేస్తుందో యంత్రం ఇష్టం, ఆ ఏడిపింపు అందరి కళ్ళెదుటే జరుగుతుంది. లేచిన తలను కొట్టామా లేదా అన్నదాంట్లో మూడో మాట లేదు. పక్కన నిలబడ్డ తమ్ముడికీ తెలుసు, వెనక నిలబడ్డ అమ్మకూ తెలుసు. షార్ప్ పాలకులకు చూపించాల్సి వచ్చిన రుజువును ఈ ఆట ప్రతి సెకనూ తనంతట తానే చూపిస్తుంది. టికెట్టు ఆ రుజువుకు రసీదు. అందుకే టికెట్టూ సుత్తీ కలిసినంత సహజంగా టికెట్టూ మరో ఆటా కలవలేదని నేనంటాను.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. యంత్రం లోపల అమరికలన్నీ యజమాని చేతిలోనే ఉంటాయి కదా? తలలు ఎంత వేగంగా లేవాలి, ఎన్ని పాయింట్లకు ఎన్ని టికెట్లు రావాలి అన్నవి ఆయన పెట్టుకున్నవే. నిజమే. ఈ ఆట ధర్మసత్రం కాదు, యజమాని నష్టానికి ఒక్కరోజు కూడా నడపడు. కానీ వేగం పెంచితే ఆటగాడికి తెలుస్తుంది, టికెట్లు తగ్గిస్తే చేతిలో దండ పొట్టిదవుతుంది. దాచిపెట్టి చేయగలిగే మార్పు దాదాపు లేదు. దీన్ని పక్కనున్న పంజా యంత్రంతో పోల్చండి. పంజా ఎంత గట్టిగా పట్టుకోవాలో కూడా అమర్చుకోవచ్చు. బొమ్మను సరిగ్గా పట్టినా, పైకి లేచాక పట్టు సడలి బొమ్మ జారిపోయేలా చాలా యంత్రాల్లో పెట్టుకునే వీలుంది. ఆటగాడు తన చేతకానితనాన్ని తిట్టుకుంటాడు. తప్పు అతనిది కాదు, అతనికి తెలిసే దారీ లేదు. మోల్ యంత్రంలో కొట్టిన తలను కొట్టలేదని చెప్పించడానికి కన్నం కింది స్విచ్చు చెడిపోవాలి. చెడితే మొదటి ఆటగాడే పట్టుకుంటాడు, ఆ కన్నం పనిచేయడం లేదని పక్కవాడికి చెబుతాడు, కౌంటర్ దగ్గరికి వెళ్ళి అడుగుతాడు. పిల్లవాడు కూడా తన హక్కు నిలదీసి అడగగలిగేంత తేటగా ఉంది ఆ ఆట. అరిగిన సుత్తి, తలల నెత్తిన పెచ్చులూడిన రంగు ఎన్ని దెబ్బలు పడ్డాయో చెప్పే సాక్ష్యాలు. పంజా యంత్రం మీద అలాంటి గుర్తు ఒక్కటీ ఉండదు.

రెండో అభ్యంతరం డబ్బుది. పావు డాలరో అర డాలరో పెట్టి ఆడితే చేతికొచ్చేది అణాపైసల సరుకు. 2020లో కరోనా దెబ్బకు చకీ చీజ్ నడిపే కంపెనీ దివాళా రక్షణ కోరినప్పుడు ఈ లెక్క కోర్టు కాగితాల్లో బయటపడింది. సరఫరాదారుల దగ్గర పోగుపడ్డ దాదాపు 700 కోట్ల కాగితం టికెట్లను నాశనం చేయడానికి సుమారు 23 లక్షల డాలర్లు చెల్లించేందుకు కంపెనీ అనుమతి అడిగింది. 40 అడుగుల ఓడ కంటెయినర్లు 65 నిండేంత కాగితం అది. అవి ఎవరి చేతికైనా చిక్కి కౌంటర్‌కు చేరితే సుమారు 90 లక్షల డాలర్ల సరుకు ఇవ్వాల్సి వస్తుందని భయం. భాగించి చూడండి: పది టికెట్లు కలిపితే ఒక సెంటు, ఆపైన కాస్త. ఇంత చవక కాగితం కోసం పిల్లల్ని ఆడించడం దోపిడీ కాదా అంటే, వ్యాపారంగా చూస్తే మార్పిడి రేటు పిల్లవాడికి ఎప్పుడూ గిట్టదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ కౌంటర్ గాజు వెనక ప్రతి వస్తువు పక్కనా దాని టికెట్ల ధర రాసి ఉంటుంది. పై అరలో ఉన్న పెద్ద బొమ్మకు ఎన్ని వేల టికెట్లు కావాలో చూసి, తన చేతిలో అరవైయే ఉన్నాయని తెలుసుకుని, కింది అరలోంచి ఏది తీసుకోవాలా అని పది నిమిషాలు ఆలోచించే పిల్లవాడు మోసపోవడం లేదు, లెక్క నేర్చుకుంటున్నాడు. ఈసారి తీసుకోకుండా దాచుకుని, వచ్చే నెల అన్నదమ్ములిద్దరివీ కలిపి పెద్దది తీసుకుందామనుకునే పిల్లలూ ఉండేవాళ్ళు. బడ్జెట్టనే మాట తెలియని వయసులో బడ్జెట్టు వేయించింది ఆ కౌంటర్. ధర అన్యాయమైనా బహిరంగంగా ఉన్నప్పుడు మనిషి దానితో బేరమాడుకోగలడు, వద్దనుకోగలడు. టికెట్ల విలువ తక్కువన్నది ఎవరూ దాచిన రహస్యం కాదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం జూదానిది. పిల్లల చేతికి టికెట్లివ్వడమంటే కాసినో గుమ్మం దగ్గర వదలడమే అంటారు కొందరు. దీనికి జవాబు చెప్పడానికి మన దగ్గరి కేసు ఒకటి సాయపడుతుంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారి మీద పెట్టిన కేసులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య, 1967లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం కాదు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి గనక అందులో నేర్పుదే పైచేయి అంది. ముక్కలు కలపడంలో అదృష్టం ఉన్నంత మాత్రాన ఆట జూదం కాదన్నది ఆ తీర్పు సారం. అమెరికాలో కూడా చాలా రాష్ట్రాలు ఏది పైచేయి అనే చూస్తాయి. ఆ తూకంలో మోల్ ఆట రమ్మీ కంటే ఎంతో తేలిగ్గా నెగ్గుతుంది. అయితే అన్ని టికెట్టు ఆటలకూ ఈ మాట వర్తించదు, అభ్యంతరం చెప్పేవారి ఆందోళన నిజమయ్యేది ఇక్కడే. కాలం గడిచేకొద్దీ ఆర్కేడ్లలో పెద్ద పెద్ద చక్రాలు, వెలుగుతూ పరుగెత్తే దీపాల వలయాలు నిండిపోయాయి. మీట లాగితే చక్రం తిరిగి ఒక్కసారిగా వెయ్యి టికెట్లైనా రావచ్చు, నాలుగైనా రావచ్చు. అక్కడ టికెట్టు దెబ్బకు రసీదు కాదు, లాటరీ చీటీ. వాక్-ఎ-మోల్ యంత్రం పుట్టిన ఫ్లోరిడాలోనే 2013లో ఇంటర్నెట్ కేఫ్ జూదాల మీద తెచ్చిన చట్టం కుటుంబ ఆర్కేడ్లకూ చుట్టుకుంటే, 2015లో మరో చట్టం చేసి నేర్పు ఆటలను వేరుచేసి, బహుమతుల విలువకు హద్దులు పెట్టాల్సి వచ్చింది. కాబట్టి పాత ఆర్కేడ్ మీది మమకారం గంపగుత్తగా ఉండకూడదు. సుత్తి ఆటను తలచుకుని బాధపడేవాళ్ళు చక్రపు ఆటను కూడా అదే జ్ఞాపకంలో కలిపేసుకుంటే తాము ప్రేమించినదానికే అన్యాయం చేస్తున్నట్టు.

మరి టికెట్టే అంత ముఖ్యమైతే జపాన్ సంగతేమిటి? అక్కడి గేమ్ సెంటర్లు 1985 నుంచి వినోద వ్యాపారాల నియంత్రణ చట్టం కిందికి వచ్చాయి. స్కోరుకు బహుమతి ఇవ్వడం కుదరదు. పంజా యంత్రాల్లోని చిన్న బొమ్మలకు మాత్రం మినహాయింపు, వాటి విలువ హద్దును 2022లో 800 యెన్ల నుంచి 1000కి పెంచారు. అంటే పుట్టింట్లో మొగురాను ఎంత బాగా కొట్టినా టికెట్టు రాదు. అయినా అక్కడా ఇదే మమకారం. 1980ల చివర్లో నామ్‌కో తెచ్చిన 'వని వని పానిక్' అనే మొసళ్ళ ఆటకు అక్కడ ఉన్న ప్రేమ చూస్తే ఇది తెలుస్తుంది. అందులో తలలు పైకి లేవవు. ఐదు మొసళ్ళు ఎదురుగా గుహల్లోంచి ముందుకు జారి వస్తాయి, కొడితే నొప్పి అని అరిచి వెనక్కి పోతాయి, కొట్టలేకపోతే అంచుదాకా వచ్చి కరిచినట్టు లెక్క. చివర్లో ఇక కోపమొచ్చిందని అరిచి అన్నీ ఒక్కుమ్మడిగా మీద పడతాయి. ఆ మొసళ్ళకు మరమ్మతులు ఇక చేయబోమని 2024లో కంపెనీ చెబితే జపాన్ పత్రికలు దాన్ని వార్తగా రాశాయి. పైపైన చూస్తే ఇది నా వాదనకు ఎదురు నిలిచినట్టుంటుంది. నాకు మాత్రం బలమే కనబడుతోంది. టికెట్టు లేనిచోట ఆ రసీదు పని అంకెల పలక చేసింది, మొసలి అరుపు చేసింది. రెండు దేశాల్లోనూ మిగిలిన ఉమ్మడి సంగతి ఒక్కటే: కొట్టినదానికి అక్కడికక్కడే, అందరి ముందూ జవాబు రావడం. ఒకచోట మొసలిని గుహలోకి పంపే మోటారు పోతోందని బాధ, ఇంకోచోట దండ పోతోందని బాధ. రెండూ చేత్తో తాకగలిగినవే. రెండు భాషలూ ఈ ఆట పేరును ఒకే సామెతగా వాడుకుంటున్నాయి కూడా. ఒకచోట అణిచితే మరోచోట తలెత్తే సమస్యను ఇంగ్లీషువాళ్ళు వాక్-ఎ-మోల్ అంటారు, జపాన్‌వాళ్ళు మొగురా తతకి అంటారు. కొట్టినా మళ్ళీ లేచేదన్న ఒక్క సంగతే మాటలోకి ఎక్కింది. కొట్టినందుకు న్యాయంగా లెక్క దొరికేదన్నది ఏ భాషా పట్టుకోలేదు. ఈ వ్యాసం రాయాలనిపించడానికి అదీ ఒక కారణం.

కాగితం పోయి కార్డు వచ్చింది. అమెరికాలోనూ, ఇప్పుడు హైదరాబాద్ మాల్స్‌లోని ఆటల అంతస్తుల్లోనూ, యంత్రం ముందు కార్డు గీకుతారు, గెలిచినవి అందులోనే పడతాయి. ఏమిటి తేడా, లెక్క లెక్కే కదా అని ఎవరైనా అడగవచ్చు. శుభ్రం, చెత్త తక్కువ, టికెట్టు ఇరుక్కుపోయి పిల్లవాడు ఏడవడం ఉండదు, కౌంటర్ దగ్గర టికెట్ల బరువు తూచే పని లేదు. ఇవన్నీ నిజమైన లాభాలే. 700 కోట్ల టికెట్లను ముక్కలు చేయించాల్సిన అవసరమూ ఉండదు. కానీ కార్డులో పడిన అంకెను పక్కవాడు చూడడు, ఆడినవాడు కూడా మళ్ళీ ఎక్కడో గీకితే గానీ చూడడు. ఆటకు ఎంత పోయిందో, ఎంత వచ్చిందో ఒకే చీకటి పెట్టెలో కలిసిపోతాయి. ఒక్క ఆటకు ఇన్ని రూపాయలని కాకుండా ఇన్ని పాయింట్లని రాసినప్పుడు అసలు ఎంత ఖర్చయిందో తండ్రికి కూడా తేలిగ్గా తెలియదు. రమ్మీ విషయంలో మనం ఇలాంటి మలుపే చూశాం. చేతిలో ముక్కలున్నప్పుడు నేర్పు ఆటగా కోర్టు ఒప్పుకున్నదాన్ని, ఫోను తెరలోకి వెళ్ళి డబ్బు వేగంగా కరగడం మొదలయ్యాక తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. పేరు అదే, ఆటలో కంటికి కనబడే భాగం మాత్రం మారిపోయింది. సుత్తి ఆట మీద ఎవరూ నిషేధం పెట్టలేదు, పెట్టాల్సిన పనీ లేదు. వాక్-ఎ-మోల్ పేరు 2008 నుంచి మాటెల్ బొమ్మల కంపెనీది, యంత్రాలు ఇంకా తయారవుతూనే ఉన్నాయి. కార్డుకు మార్చిన పాత పెట్టెలు కొన్ని ఆర్కేడ్లలో నిలబడే ఉన్నాయి. బిళ్ళ వేసే చోట కార్డు గీకే పలక బిగించారు. కన్నాలు ఐదూ అలాగే ఉన్నాయి, తలలు గభాలున లేస్తూనే ఉన్నాయి, సుత్తి దెబ్బకు అదే చప్పుడు. మోకాలి ఎత్తున, ఒకప్పుడు దండ బయటికొచ్చిన సన్నటి చీలిక మీద మాత్రం చిన్న రేకు ముక్క పెట్టి నాలుగు మరలు బిగించి ఉంటాయి.